పికప్ కోసం మెసయీద్ దాకా

ఖతార్‌లో పికప్ కొందామనుకునేవాళ్ళకి ముందే ఒక మాట చెబుతాను. కొత్త బండి చేతికొచ్చేదాకా ఉన్న కారు అమ్ముకోకండి. నేను అమ్ముకున్నాను. గురువారం సాయంత్రం నా చిన్న కారును ఒక శ్రీలంక దంపతులకి అప్పగించి, శనివారం ఉదయం 6:40కి నేనుండే అల్ తుమామాలో మెట్రో స్టేషన్‌కి వెళ్ళే ఉచిత బస్సు కోసం నిలబడ్డాను. నవంబరు ఎనిమిదో తారీఖు. ఎండ ఇంకా ముదరలేదు, గాలి హాయిగా ఉంది, పక్కన మాట్లాడే మనిషి లేడు. ఆ మూడోది నాకు అలవాటే.

నేను ఈ దేశం వచ్చి పదిహేడేళ్ళు. మాది తణుకు. మెసయీద్‌లో ఒక ప్లాంటులో మెయింటెనెన్స్ ప్లానర్‌ని. ఏ యంత్రం ఏ రోజు ఆపాలి, ఆ రోజు డ్యూటీలో ఎవరెవరుండాలి అని షెడ్యూల్ రాయడం నా పని. నా భార్య సుజాత, మా అమ్మాయి సాహితి రెండేళ్ళ కిందట హైదరాబాద్ వెళ్ళిపోయారు, పిల్ల కాలేజీ కోసం. సుజాతకి అక్కడ బ్యాంకులో ఉద్యోగం దొరికింది. అప్పట్నుంచి నేను గల్ఫ్ లెక్కలో ‘బ్యాచిలర్‌’ని. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకి దక్కిన హోదా ఇది. మూడు గదుల ఫ్లాట్‌లో ఒక్క గదిలోనే లైటు వేస్తాను.

ఈ ప్రయాణానికి కారణం ఒక ట్రైలర్. దక్షిణాఫ్రికా సహోద్యోగి ఒకాయన దేశం వదిలి వెళ్తూ తన చిన్న క్యాంపింగ్ ట్రైలర్‌ని నాకు అంటగట్టాడు. రెండు చక్రాల మీద ఒక పెట్టె. లోపల ఇద్దరు పడుకునే మంచం, మడత బల్ల. వెనక తలుపు పైకెత్తితే చిన్న వంటగట్టు. అప్పుడు సాహితి పదో తరగతి. ఆ పెట్టెలోకి ఎక్కి దిగి, ఎక్కి దిగి, "నాన్నా, దీన్ని ఎడారికి ఎప్పుడు తీసుకెళ్దాం?" అని ప్రాణం తీసింది. నా కారుకి దాన్ని లాగే సత్తువ లేదు. "పికప్ కొనగానే వెళ్దాం, ప్రామిస్" అన్నాను. నాలుగేళ్ళయింది. ట్రైలర్ మా బిల్డింగ్ వెనక పార్కింగ్‌లో గుడ్డ కప్పుకుని అలాగే ఉంది. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంటుంది గానీ, శుక్రవారం మధ్యాహ్నాలు ఫ్లాస్కులో టీ పోసుకుని వెళ్ళి ఆ మడత బల్ల ముందు కూర్చుంటాను. ఫ్లాట్ కన్నా అది చిన్నది, అందుకని అందులో ఒక్కడే ఉన్నా నిండుగా ఉంటుంది.

పోయిన డిసెంబర్‌లో సాహితి ఒక్కతే సెలవులకి వచ్చింది. సరిగ్గా అప్పుడే మాకు షట్‌డౌన్, అంటే ఒక యూనిట్ మొత్తం ఆపి బాగుచేసే పని. పిల్ల ఫ్లాట్‌లో ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. తొమ్మిది రోజులుంటానని వచ్చి, కాలేజీలో ప్రాజెక్టుందని టికెట్ మార్చుకుని వారానికే వెళ్ళిపోయింది. ప్రాజెక్టూ లేదు, పాడూ లేదు. అంతమాత్రం నాకు తెలీదా! వచ్చే ఏడాది నుంచి ఇంటర్న్‌షిప్పులు, ఉద్యోగాలు. సెలవులకని నా దగ్గరికి రావడం ఈ డిసెంబరే ఆఖరు కావచ్చని సుజాత ఫోన్లో మెల్లిగా చెప్పింది. ఆ మాట మనసులోంచి పోలేదు.

అలాంటి సమయంలో పది రోజుల కిందట సాహితి నుంచి మెసేజ్ వచ్చింది: "నాన్నా, డిసెంబర్ 20కి టికెట్ అయింది. ఈసారి పికప్ మాత్రం పక్కాగా ఉండాలి. మాటిచ్చావ్, గుర్తుందిగా?"

నాలుగేళ్ళనాటి మాట పిల్ల మర్చిపోలేదు! "గుర్తుందమ్మా, ఇరవైకల్లా పికప్ రెడీ" అని రాశాను. మూడు ఎర్ర హృదయాలు పంపింది. ఆ ఆవేశంలోనే కారు అమ్మేశాను.

ఇక్కడి మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో కూడా ఒక ప్రకటన పడేశాను: "అర్జెంటుగా మంచి పికప్ కావాలి." ఐదు నిమిషాల్లో ఒకాయన, "ఎక్కడికి రావాలన్నా? నేను ఐన్ ఖాలిద్‌లోనే ఉన్నా" అన్నాడు. ఇంకొకాయన, "పికప్ తగ్గితే ఎయిర్ ఫిల్టర్ మార్పించండి సార్" అని సలహా ఇచ్చాడు. మనవాళ్ళకి పికప్పంటే బండీ అదే, బండి లాగే ఊపూ అదే, మనిషిని ఎక్కించుకురావడమూ అదే. ఎంత తెలివితక్కువవాళ్ళురా బాబూ అని ఆ రాత్రి ఒక్కణ్ణే చాలాసేపు నవ్వుకున్నాను. మూడో రోజున గంగారాం అనే ఆయన మెసయీద్ నుంచి ఫోన్ చేశాడు. వాళ్ళ కంపెనీ యజమాని తమ డీజిల్ పికప్ అమ్ముతున్నాడట. శనివారం వస్తానని చెప్పాను. వెళ్ళేముందు కొత్త బండ్లు కూడా ఒకసారి చూడాలి కదా అని ముందు షోరూమ్‌ల వైపు బయలుదేరాను.

బస్సు ఫ్రీ జోన్ మెట్రో స్టేషన్‌లో దింపింది. రోజంతా తిరిగే పాస్ ఆరు రియాళ్ళు. ఎక్కువ చోట్ల దిగేవాళ్ళకి అదే మేలు. 7:35కి ముషైరిబ్ చేరాను. మూడు లైన్లూ కలిసే స్టేషన్ ఇది. షోరూమ్‌లు తొమ్మిదికి గానీ తెరవరు కాబట్టి పైకి వెళ్ళి ఒక పరాఠా తిని, కరక్ టీ తాగాను. పక్క టేబుల్ దగ్గర ఒక కుటుంబం దోశ కోసం పోట్లాడుకుంటోంది. వాళ్ళు లేచి వెళ్ళేదాకా నేనూ లేవలేదు.

తొమ్మిదింబావుకి సల్వా రోడ్డులో మొదటి షోరూమ్. సేల్స్‌మన్ మలయాళీ, మంచి కుర్రవాడు. ఆరు సిలిండర్ల పెట్రోల్ బండి ఒకటి చూపించాడు. దాని టైరు నా నడుం దాకా ఉంది. నేను అడిగిన మొదటి ప్రశ్న, "మైలేజ్ ఎంత?"

అతను ఒక క్షణం నా వంక చూసి, "యహా కోయీ మైలేజ్ నహీ పూఛ్‌తా, సాబ్" అన్నాడు నవ్వుతూ. ఇక్కడ మైలేజ్ ఎవరూ అడగరట.

ఎందుకడుగుతారు! లీటరు పెట్రోలు, లీటరు మంచినీళ్ళు ఇంచుమించు ఒకే ధరకి వచ్చే దేశం. కానీ మా నాన్న మోపెడ్‌ని పల్లంలో ఇంజన్ ఆపి నడిపిన మనిషి. ఆ రక్తం ఎక్కడికి పోతుంది? పైగా ట్రైలర్ కట్టాక బండి తాగే తాగుడు వేరు. ఎడారి దారిలో పెట్రోల్ బంకు పక్కనే ఉండదు. అందుకని సిగ్గుపడకుండా అన్నీ అడిగాను. మీకూ పనికొస్తాయి కాబట్టి చెబుతున్నాను. నా ట్రైలర్ ఖాళీగా ఐదు వందల కిలోలు, నీళ్ళూ సామానూ వేస్తే ఏడు వందల యాభై. దానికి ఏనుగులాంటి ఇంజన్ అక్కర్లేదు, ఏ పికప్ అయినా లాగుతుంది. ఎంత లాగుతుందన్నది కాదు, లాగుతూ ఎంత తాగుతుందన్నదే చూడాలి. పెద్ద పెట్రోల్ బండి ఉత్తినే లీటరుకి ఏడు కిలోమీటర్లు ఇస్తే, ట్రైలర్ కట్టాక ఐదుకి దిగుతుంది. నాలుగు సిలిండర్ల డీజిల్ పదీ పదకొండూ ఇచ్చి, కట్టాక ఏడెనిమిది దగ్గర నిలబడుతుంది. బరువు కన్నా గాలి దెబ్బే ఎక్కువ. ట్రైలర్ ముందు భాగం గోడలా ఉంటుంది కనక, వంద దాటితే డీజిల్ ముల్లు కళ్ళముందే పడిపోతుంది. ఎనభైలో వెళ్ళండి. ట్రైలర్‌కి వేరే నంబరూ, వేరే ఇస్తిమారా, అంటే రిజిస్ట్రేషన్ కార్డూ కావాలని మర్చిపోకండి.

రెండో షోరూమ్‌లో డీజిల్ బండి దొరికింది. అన్నీ బాగున్నాయి, ఫిబ్రవరిలో ఇస్తామన్నారు. డిసెంబర్ ఇరవైకి కావాలన్నాను. ఆ ఫిలిప్పీన్స్ అమ్మాయి చాలా మర్యాదగా తల అడ్డంగా ఊపింది. "ఫ్యామిలీ కోసమా సర్?" అని అడిగింది. అవునన్నాను. రెండు క్యాలెండర్లు, ఒక తాళాల గొలుసు ఇచ్చి పంపింది. బండి లేకుండా తాళాల గొలుసు పట్టుకుని మళ్ళీ మెట్రో ఎక్కాను.

11:35కి రెడ్ లైన్‌లో వక్రా. అక్కణ్ణుంచి మెసయీద్ బస్సు. నంబర్లు మారుస్తుంటారు, యాప్‌లో చూసుకోండి. బస్సులో నా పక్కన కూర్చున్నామె రాయచోటి వైపు మనిషి, ఒక అరబ్బుల ఇంట్లో వంట చేస్తుందట. నెలకి రెండు రోజులు సెలవు. మెసయీద్‌లో పనిచేసే చెల్లెల్ని చూడ్డానికి వెళ్తోంది.

"మీ వాళ్ళంతా ఈడే ఉండారా సార్?" అని అడిగింది.

"లేరమ్మా, ఇండియాలో."

"అయితే మా మాదిరే" అని సంచిలోంచి ఒక నారింజ తీసి నా చేతిలో పెట్టింది. ఇంజనీరుకీ వంటామెకీ తేడా ఏమీ లేదని ఒక్క ముక్కలో తేల్చేసింది. నాకు కోపం రాలేదు.

వారానికి ఐదు రోజులు కంపెనీ బస్సులో నిద్రపోతూ వెళ్ళే దారే ఇది. సెలవు రోజు కళ్ళు తెరుచుకుని చూస్తే కొత్తగా ఉంది. 12:50కి మెసయీద్‌లో దిగాను. గంగారాం స్టాప్ దగ్గరే బండి నిలబెట్టుకుని ఉన్నాడు. జగిత్యాల దగ్గర పల్లె. నలభై ఏడేళ్ళు, నెరిసిన మీసం, ఇస్త్రీ చేసిన చొక్కా. బండి తెల్లది, డబుల్ క్యాబిన్, తొమ్మిదేళ్ళది. తొమ్మిదేళ్ళూ నడిపింది తనే.

"గంగారాం గారూ, మైలేజ్ ఎంత ఇస్తుంది?" అన్నాను, నమస్కారం కూడా పూర్తిగా పెట్టకుండా.

ఈసారి ఎవరూ నవ్వలేదు. "గారు ఎందుకు సార్! టాంక్ ఫుల్ జేస్తే ఈడికెళ్ళి దుఖాన్‌కు మూడు తాపలు పోయొస్త. ఎనుక బరువు గడితే రెండే తాపలు" అన్నాడు. తాప అంటే సారి. దుఖాన్ అంటే పడమటి తీరం, వంద కిలోమీటర్ల పైచిలుకు. మనసులో లెక్కేసుకున్నాను. ఖాళీగా లీటరుకి పది, బరువుతో ఏడు. షోరూమ్‌లో కాగితాల మీద చూసిన అంకెలు ఈయన నోట్లోంచి ఊరి పేరుతో వచ్చాయి. ఆ దెబ్బతో మనిషి మీద గురి కుదిరింది.

"ముందుగాల అన్నం తినుండ్రి" అని క్యాంపులో తన గదికి తీసుకెళ్ళాడు. నాలుగు మంచాల గది, మిగతా ముగ్గురూ డ్యూటీలో ఉన్నారు. పెసరపప్పు, పచ్చిపులుసు, వేయించిన మిరపకాయలు. "శనారం సార్, నీసు ముట్ట. లేకుంటే కోడి కోస్తుంటి మీకు" అన్నాడు. నేల మీద పేపరు పరుచుకుని ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. మారు అన్నం పెట్టించుకున్నాను. వండినవాడు ఎదురుగా కూర్చుని "ఇంకొంచెం ఏసుకోండ్రి" అనగా విని ఎన్నాళ్ళయిందో. పచ్చిపులుసు ఘాటుకి కళ్ళు చెమర్చాయని చెప్పాను, ఆయన నమ్మాడు.

తింటుండగా వాళ్ళమ్మ ఫోన్ చేసింది. "ఔ అవ్వా, తిన్న" అన్నాడు. పెట్టేశాక నవ్వి, "పదకొండేండ్లాయె, మా అవ్వకు ఇది ఇంకా దుబాయే. మీ దుబాయ్‌ల వాన వడ్డదా అంటది" అన్నాడు.

రెండు గంటలకి పరీక్ష మొదలుపెట్టాం. క్యాంపులో చక్రాల మీద ఒక జనరేటర్ ఉంది, బరువు ఇంచుమించు నా ట్రైలరంత. బంకులో టాంకు మూతి దాకా డీజిల్ పోయించి, జనరేటర్‌ని వెనక కొక్కేనికి తగిలించి, సీలైన్ ఇసుక దిబ్బల దాకా వెళ్ళి రావాలి. మళ్ళీ అదే బంకులో మూతి దాకా పోయిస్తే ఎంత తాగిందో తేలుతుంది. మా నాన్న నేర్పిన పద్ధతే. బండి ముసలిది గానీ మొండిది. ఎత్తు వచ్చినప్పుడు కొంచెం మూలిగింది, ఆగలేదు. నేనే నడిపాను. గంగారాం పక్కన కూర్చుని, గేరు మార్చాల్సిన చోట తన కాలు తనకి తెలీకుండానే నొక్కుతున్నాడు.

"కొనేటోళ్ళు శానమంది వచ్చిన్రు సార్" అన్నాడు. "అందరు టైర్లే సూసిండ్రు. మైలేజ్ అడిగినోళ్ళు మీరే. మైలేజ్ అడిగెటోడు బండిని సావగొట్టడు."

మూడింటికి దిబ్బల దగ్గర ఆపాం. దూరంగా కుటుంబాలు తివాచీలు పరుచుకుంటున్నాయి, పిల్లలు ఇసుక మీంచి జారుతున్నారు. గంగారాం ఫ్లాస్కు తీసి టీ పోశాడు. అప్పుడు అడిగాడు, "సార్, ఏమనుకోకుండ్రి. మీరు ఒక్కరేనాయె. గింత బండి ఎందుకు?"

చెప్పాను. ట్రైలర్ సంగతి, సాహితి సంగతి, పోయినేడు వారానికే వెళ్ళిపోయిన సంగతి. ఎవరికీ చెప్పని మనిషిని, విప్పేసిన కుళాయిలా చెప్పుకుపోయాను. చివరికి ఫోన్ తీసి పిల్ల మెసేజ్ కూడా గర్వంగా చదివి వినిపించాను.

గంగారాం టీ గ్లాసును చేతిలో తిప్పాడు. తరవాత, "ఇరవై తారీఖునాడు ఎయిర్‌పోర్ట్‌కు మీరు పోతరా సార్?" అన్నాడు.

"నాకు ఆ రోజు డ్యూటీ. షట్‌డౌన్. కంపెనీ డ్రైవర్‌ని పంపిస్తాను, పోయినసారీ అంతే" అన్నాను.

"సార్, తప్పుగ అనుకోకుండ్రి. బిడ్డ అడుగుతున్నది గీ పికప్ గాదు. ఎయిర్‌పోర్ట్ పికప్. నువ్వొచ్చి నన్ను తోల్కపో నాయినా అంటున్నది."

నాకు చుర్రుమంది. "మా అమ్మాయి సంగతి నాకు తెలీదా? ట్రైలర్ ట్రైలర్ అని చిన్నప్పట్నుంచీ ప్రాణం తీస్తోంది!" అని గట్టిగానే అన్నాను. కొంచెం దూరంలో తివాచీ మీద కూర్చున్నవాళ్ళు తిరిగి చూశారు.

గంగారాం గొంతు పెంచలేదు. "నేను మొదట్ల రెండేండ్లు ఎయిర్‌పోర్ట్ డ్యూటీ చేసిన సార్. బోర్డు వట్టుకొని నిలవడుత. వచ్చేటోళ్ళు బోర్డు మీద పేరు సూసి నా దిక్కే వస్తరు గనీ, కండ్లు మాత్రం నా ఎనుక ఇంకెవలన్న ఉన్నరా అని దేవులాడుతయి. ఎవ్వలుండరు. అప్పుడు నా మొకం సూసి నవ్వుతరు" అన్నాడు.

నేను ఫోన్‌లో పాత ఫోటో ఒకటి వెతికి తీశాను. పోయిన డిసెంబర్‌లో సాహితి ఎయిర్‌పోర్ట్ నుంచి నాకొక ఫోటో పంపింది. డ్రైవర్ పట్టుకున్న బోర్డు మీద తన పేరు తప్పు రాసి ఉంది, ‘సహతి’ అని. ఆ బోర్డు పక్కన నిలబడి నవ్వుతోంది. ప్లాంటులో ఆ ఫోటో పక్కవాళ్ళందరికీ చూపించి నేనూ నవ్వాను.

జనరేటర్‌ని తిరిగి అప్పగించి, బంకులో టాంకు నింపితే ముప్పై కిలోమీటర్లకి నాలుగు లీటర్లు పట్టింది. లీటరుకి ఏడున్నర. గంగారాం చెప్పినదాని కన్నా కొంచెం ఎక్కువే. బండి నాకు నచ్చింది. వచ్చే గురువారం కాగితాలు మార్చుకుందామన్నాను. ఆయన బానెట్ మీద చెయ్యి వేసి, "మోసం జెయ్యది సార్. ఎండకాలం ఏసీ ఏసినంక రెండు నిమిషాలు ఆగి కదిలించుండ్రి, అంతే" అన్నాడు. బస్ స్టాప్‌లో దింపేటప్పుడు, "ఇందాక అరిచాను, ఏమీ అనుకోకండి" అన్నాను. "నా మీద గాదు గద సార్ అరిచింది" అన్నాడు.

5:15కి వక్రా బస్సు. బయట చీకటి పడింది, ప్లాంటుల దీపాలు వెలిగాయి. సీటు పక్కన ఎవరూ లేరు. ఫోన్ తీశాను. అడగడానికి భయం, అడగకుండా ఉండలేను. చివరికి రాశాను: "సాహితీ, పికప్ అన్నావు కదా. ఏ పికప్ అమ్మా?"

వెంటనే వచ్చింది. "ఎయిర్‌పోర్ట్ పికప్ నాన్నా! ఏదనుకున్నావ్?"

నేను ఏమీ రాయకముందే ఇంకొకటి వచ్చింది. "డ్యూటీ ఉంటే పర్లేదులే. డ్రైవర్‌ని పంపించు. నాకు అలవాటేగా."

అప్పుడు గుర్తొచ్చింది. పోయినసారి తనని పంపించడానికి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళాను. లోపలికి వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "ఈసారి వచ్చేటప్పుడు మాత్రం నువ్వే రావాలి" అంది. నా చేతిలో ఫోన్ ఉంది, షట్‌డౌన్‌లో ఏదో పంపు మొరాయించిందని మెసేజ్‌లు. తల ఎత్తకుండానే, "అలాగేనమ్మా, ప్రామిస్" అన్నాను. నాలుగేళ్ళనాటి మాట గుర్తు పెట్టుకున్నది నేను, తను కాదు. తను అడిగిన మాట పదకొండు నెలలనాటిది. అది నాకు గుర్తే లేదు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. డిసెంబర్ ఇరవై పగటి షిఫ్టులో నా పేరు రాసింది మేనేజర్ కాదు. షెడ్యూల్ రాసేది నేను. పోయినేడు రాసిందీ నేనే. నేను లేకపోతే ప్లాంటు ఆగిపోతుందనుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, ఎవరూ లేని ఇంట్లో ఉండీ ఉండీ, ఎవరైనా వచ్చినప్పుడు ఏం చెయ్యాలో మర్చిపోయాను. మా మేనేజర్‌కి రెండు వాక్యాలు రాశాను: ఇరవయ్యో తేదీ నేను రాలేను, మా అమ్మాయి వస్తోంది, నా బదులు ఇంకొకరిని వేస్తాను. బస్సు వక్రా చేరకముందే జవాబు వచ్చింది. పైకెత్తిన బొటనవేలి గుర్తు. అంతే, అంతకన్నా ఏమీ లేదు. రెండేళ్ళుగా నేను అడగని సెలవు రెండు నిమిషాల్లో దొరికింది. సంతోషం వెయ్యాలి, ఏడుపొచ్చింది.

వక్రాలో 6:05కి రెడ్ లైన్ ఎక్కాను. మూడు నిమిషాలకో స్టేషన్. ఫ్రీ జోన్ వచ్చింది, నేను దిగాల్సిన చోటు. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. నేను లేవలేదు. తరవాతి స్టేషన్‌లో మారితే ఎయిర్‌పోర్ట్ రైలు దొరుకుతుంది. ఆ సంగతి కూడా యాత్రికులకి పనికొస్తుంది: సామాను తక్కువుంటే ట్యాక్సీ అక్కర్లేదు, ఆరు రియాళ్ళ పాసే చాలు.

ఎయిర్‌పోర్ట్‌లో వచ్చేవాళ్ళు బయటికి వచ్చే తలుపు దగ్గర నిలబడ్డాను. ఎక్కడ నిలబడితే లోపల్నుంచి రాగానే కనిపిస్తానో చూడాలని వచ్చాను. ఎడమవైపు స్తంభం అడ్డం. కుడివైపు కాఫీ కొట్టు దగ్గర జనం. మధ్యలో కమ్మీకి ఆనుకుని నిలబడితే తలుపు తెరుచుకోగానే ఎదురుగా మనమే ఉంటాం. అక్కడంతా బోర్డులు పట్టుకున్న డ్రైవర్లే. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఒక మనిషి ట్రాలీతో ఆగుతాడు, బోర్డులు చదువుతాడు, తన పేరు కనబడగానే ఆ వైపు నడుస్తాడు. గంగారాం చెప్పింది నిజం. కళ్ళు ముందు బోర్డు వెనక్కే వెళ్తున్నాయి.

ఈ రోజు మొత్తంలో తేలింది ఇది. చిన్న ట్రైలర్‌కి నాలుగు సిలిండర్ల డీజిల్ చాలు, తొమ్మిదేళ్ళ బండైనా నడిపినవాడు మంచివాడైతే కొనుక్కోవచ్చు, నింపి నింపి చూసుకున్న లెక్కనే నమ్మాలి. ఇవన్నీ సరిగ్గా తెలుసుకున్నాను. పిల్ల రాసిన ఒక్క మాట మాత్రం తప్పు చదువుకున్నాను. బండి మాత్రం వదులుకోను. ఇరవయ్యో తేదీన అందులోనే వస్తాను.

సాహితికి మెసేజ్ పెట్టాను. "డ్రైవర్ రాడు. నేనే వస్తాను." ఈసారి హృదయాలేవీ రాలేదు. చాలాసేపటికి, "నిజంగానా?" అని ఒక్క మాట వచ్చింది.

పక్కన బోర్డు పట్టుకున్న బీహారీ డ్రైవర్ నన్ను ఎగాదిగా చూశాడు. నా చేతిలో బోర్డు లేదు, తాళాల గొలుసు మాత్రం ఉంది.

"కౌన్ సీ ఫ్లైట్ హై, భాయ్‌సాబ్?" అని ఏ ఫ్లైటో అడిగాడు.

"హైదరాబాద్. బీస్ డిసెంబర్" అని ఇరవయ్యో తేదీ చెప్పాను.

అతను ఫోన్ తీసి తేదీ చూసుకున్నాడు. "ఆజ్ తో నవంబర్ కీ ఆఠ్ హై" అన్నాడు, ఇవాళ ఎనిమిదేగా అన్నట్టు.

నాకు తెలుసు కదా, "మాలూమ్ హై" అన్నాను. అతను కొంచెం పక్కకి జరిగి, కమ్మీ దగ్గర నాకు చోటిచ్చాడు.